ఫెయిర్ ఐల్‌లో వసంత వలస పక్షులు: గాలిని చదివి వెతికే పద్ధతి

స్కాట్లాండ్‌కు ఉత్తరాన, ఆర్క్నీకీ షెట్లాండ్‌కీ నడుమ సముద్రంలో ఒంటరిగా ఉన్న దీవి ఫెయిర్ ఐల్. పొడవు సుమారు 5 కిలోమీటర్లు, వెడల్పు రెండున్నర. జనం అరవై మందికి లోపే. గొర్రెలు లెక్కలేనన్ని, చెట్లు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. ఇక్కడ ఇప్పటిదాకా నమోదైన పక్షి జాతులు మాత్రం 390కి అటూ ఇటూ ఉంటాయి. బ్రిటన్‌లో మొట్టమొదటిసారి కనిపించిన జాతులు కూడా వాటిలో కొన్ని ఉన్నాయి. అమెరికా నుంచి దారితప్పి వచ్చిన సాంగ్ స్పారో 1959లో, గ్రీసు, టర్కీల వైపు ఉండాల్సిన క్రెట్స్‌మార్స్ బంటింగ్ 1967లో, రెండూ వసంత వలస కాలంలోనే ఇక్కడ దొరికాయి.

పక్షులు ఈ దీవిని కోరి రావు. వాటి గమ్యం నార్వే, స్వీడన్, ఫిన్లాండ్. రాత్రి ఎగురుతుండగా తూర్పు గాలి పక్కకు నెట్టేస్తే, తెల్లవారేసరికి కింద నీళ్ళు తప్ప ఏమీ కనపడని స్థితిలో, ఈ చిన్న నేల మీద దిగుతాయి. కాబట్టి ఇక్కడ పక్షుల్ని చూడడం అంటే సగానికి పైగా గాలిని చూడడమే. మిగతాది ఓపికగా నడవడం.

తెలుగువాళ్ళకు ఇందులో ఒక దగ్గరి సంగతి ఉంది. చలికాలంలో మన చెరువుల జమ్ములో ఎగిరెగిరి దాక్కునే బ్లూత్రోట్, ముళ్ళపొదల్లోంచి ‘చెక్... చెక్’ మనే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్, మామిడి తోటల్లో తిరిగే గ్రీనిష్ వార్బ్లర్, తూర్పు కనుమల్లో కనిపించే రోజ్‌ఫించ్... ఇవన్నీ మే, జూన్‌లలో ఫెయిర్ ఐల్‌లో కొద్ది సంఖ్యలో కనిపించే పక్షులే. స్కాండినేవియాలో గూడు పెట్టే బ్లూత్రోట్‌లు చలికాలానికి దక్షిణాసియా వైపు వస్తాయని వాటికి కట్టిన పరికరాల ద్వారా తేలింది. మన దగ్గర వీటిని బాగా చూసి వెళ్ళినవాళ్ళు, అక్కడ అదే పక్షిని అరుదైనదిగా చూసే బ్రిటిష్ పక్షి ప్రేమికుల కంటే ఒక మెట్టు పైనే ఉంటారు.

1. తేదీలు తేల్చుకోవడం

వసంత వలస మార్చి చివర మొదలై జూన్ రెండో వారందాకా సాగుతుంది. ఏ వారం వెళ్తారన్నదాన్ని బట్టి చూసే పక్షులు మారిపోతాయి. ఏప్రిల్ మొదట్లో ల్యాప్‌వింగ్, స్కైలార్క్, మెడో పిపిట్, మొదటి వీటియర్‌లు. తిరుగు దారిలో ఉన్న రెడ్‌వింగ్, ఫీల్డ్‌ఫేర్, బ్లాక్‌బర్డ్‌లు. ఏప్రిల్ చివరకు విల్లో వార్బ్లర్, స్వాలో, బ్లాక్ రెడ్‌స్టార్ట్. మే నడిమి వారంలో బ్లూత్రోట్, రైనెక్, రెడ్‌స్టార్ట్. మే చివరి పది రోజులు, జూన్ మొదటి వారం: రెడ్-బ్యాక్డ్ శ్రైక్, ఇక్టరిన్ వార్బ్లర్, మార్ష్ వార్బ్లర్, రోజ్‌ఫించ్, రెడ్-బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్.

ఒక్కసారే వెళ్ళగలిగితే మే 15 నుంచి జూన్ 5 మధ్య ఎంచుకోండి. సంఖ్యలో ఎక్కువ పక్షులు కావాలంటే ఏప్రిల్ మేలు; వెరైటీ కావాలంటే మే చివర. రెండూ ఒకే ప్రయాణంలో కుదరవు.

రోజుల సంఖ్య ఇంకా ముఖ్యం. కనీసం ఏడు రాత్రులు. మూడు రోజులకు వెళ్ళి, మూడు రోజులూ పడమటి గాలి వీచి, ‘అక్కడేమీ లేదండీ’ అంటూ తిరిగొచ్చేవాళ్ళు ఏటా ఉంటారు. వాతావరణం నాలుగైదు రోజులకోసారి మళ్ళుతుంది. ఆ మళ్ళింపు ఒక్కటైనా మీ రోజుల్లో పడాలి.

2. చేరుకోవడం, ఇరుక్కుపోవడానికి సిద్ధపడడం

ముందు అబర్డీన్ నుంచి షెట్లాండ్ చేరాలి: విమానంలో సంబరో, లేదా రాత్రి ఓడలో లెర్విక్. అక్కడి నుంచి ఫెయిర్ ఐల్‌కు రెండు దారులు. లెర్విక్ దగ్గర టింగ్‌వాల్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి ఐలాండర్ అనే బుల్లి విమానం, దాదాపు అరగంట. లేదా సంబరో పక్కనున్న గ్రట్‌నెస్ రేవు నుంచి ‘గుడ్ షెపర్డ్’ ఓడ, సుమారు రెండున్నర గంటలు. ఈ ఓడ దారిలో సంబరో రూస్ట్ అనే చోట రెండు సముద్రాల పోటు ఒకదాన్నొకటి కొట్టుకుంటుంది. కడుపు తిప్పే అలవాటున్నవాళ్ళు మాత్ర ఓడ ఎక్కాక కాదు, గంట ముందే వేసుకోవాలి.

విమానంలో సామానుతోపాటు మనుషుల్నీ తూస్తారు. బరువు పరిమితి బుకింగ్‌లోనే కనుక్కోండి. ట్రైపాడ్, టెలిస్కోప్ కలిపితే తేలిగ్గా దాటిపోతుంది.

ఇక అసలు చిక్కు: పక్షుల్ని దింపే వాతావరణమే విమానాల్ని ఆపుతుంది. ఆగ్నేయ గాలి, పొగమంచు, తుంపర ఉన్న రోజు పక్షులకు పండగ, రన్‌వేకు సెలవు. అందుకని దీవి నుంచి బయటపడాల్సిన తేదీకీ, లండన్ నుంచి హైదరాబాద్ విమానానికీ మధ్య కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. ఒక్కరోజు కూడా లేకుండా కట్టుదిట్టంగా బుక్ చేసుకున్నవాళ్ళు, ఆ వారంలోకెల్లా మంచి ఉదయాన్ని ఎయిర్‌లైన్‌తో ఫోన్లో మాట్లాడుతూ గడుపుతారు.

బస విషయానికొస్తే, ఇక్కడి బర్డ్ అబ్జర్వేటరీని, అంటే పక్షుల పరిశీలన కేంద్రాన్ని, స్కాటిష్ పక్షి శాస్త్రవేత్త జార్జ్ వాటర్‌స్టన్ 1948లో నార్త్ హేవెన్ దగ్గర పాత నౌకాదళ గుడిసెల్లో మొదలుపెట్టాడు. తర్వాత కట్టిన భవనం 2019 మార్చి 10న కాలిపోయింది. దాని స్థానంలో కొత్తది కట్టారు. అక్కడ గది దొరక్కపోతే ఊళ్ళో ఇళ్ళలో బస దొరుకుతుంది, కానీ నెలల ముందు అడగాలి. కొట్టు ఒక్కటే. శాకాహారులు ముందే చెప్పండి. పులిహోర పొడి, అటుకులు, కాస్త ఊరగాయ సంచిలో ఉంటే ఓడ రాని రోజున విలువ తెలుస్తుంది. 24 గంటల కరెంటు 2018 నుంచి ఉంది, కాబట్టి ఛార్జింగుకు దిగుల్లేదు.

3. గాలిని చదవడం

ఈ ఒక్కటీ వస్తే మిగతావన్నీ వస్తాయి. అబ్జర్వేటరీ మొదటి వార్డెన్ (కేంద్రాన్ని నడిపే వ్యక్తి) కెన్నెత్ విలియమ్‌సన్ 1950ల నాటికే ఈ దీవి లెక్కల్ని పీడన పటాలతో పక్కపక్కన పెట్టి చూసి, వలస పక్షులు గాలికి కొట్టుకువస్తాయన్న వాదాన్ని గట్టిగా నిలబెట్టాడు. ఆయన చేతిలో కాగితం పటాలు. మన చేతిలో ఫోను. పద్ధతి అదే.

బ్రిటన్ వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ ఇచ్చే ఉపరితల పీడన పటం రోజూ ఉదయం, సాయంత్రం చూడండి. వెతకాల్సింది ఈ అమరిక: స్కాండినేవియా మీద అధిక పీడనం, ఇంగ్లండ్ మీదో ఉత్తర సముద్రం దక్షిణ భాగం మీదో అల్పపీడనం. ఉత్తరార్ధగోళంలో అధిక పీడనం చుట్టూ గాలి గడియారం ముల్లు దిశలో, అల్పపీడనం చుట్టూ ఎదురు దిశలో తిరుగుతుంది. రెండింటి నడుమ చిక్కిన ఉత్తర సముద్రం మీద గాలి తూర్పు నుంచో ఆగ్నేయం నుంచో వీస్తుంది.

ఎంత నెడుతుందో చిన్న లెక్క వేసుకోవచ్చు. వార్బ్లర్ అంత పిట్ట నిశ్చలమైన గాలిలో గంటకు 40 కిలోమీటర్ల దాకా పోతుంది. డెన్మార్క్ నుంచి ఉత్తరంగా బయల్దేరింది, పక్కనుంచి గంటకు 30 కిలోమీటర్ల తూర్పు గాలి (గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ స్కేలుపై 5) కొడుతోంది, పిట్ట దిద్దుకోలేదు అనుకోండి. ఎనిమిది గంటల్లో అది 320 కిలోమీటర్లు ఉత్తరానికి పోయి, 240 కిలోమీటర్లు పడమరకు జరిగిపోతుంది. నార్వే తీరం నుంచి ఫెయిర్ ఐల్ దాదాపు 350 కిలోమీటర్లు. ఒకటిన్నర రాత్రుల పొరపాటు, అంతే.

అయితే గాలి ఒక్కటే చాలదు. మూడు సంగతులు కలవాలి:

— బయల్దేరే చోట, అంటే డెన్మార్క్, ఉత్తర జర్మనీల్లో, సాయంత్రం ఆకాశం తేటగా ఉండాలి. అక్కడే వాన పడుతుంటే పక్షులు లేవవు; మీ దగ్గర ఎంత చక్కటి ఆగ్నేయ గాలి ఉన్నా ఫలితం సున్నా.

— దారిలో తూర్పు లేదా ఆగ్నేయ గాలి, బోఫోర్ట్ స్కేలుపై 3 నుంచి 5 మధ్య. 7 దాటితే చిన్న పిట్టలు సముద్రంలోనే రాలిపోతాయి. చేరినవీ రాళ్ళ సందుల్లోంచి బయటికి రావు.

— చేరే చోట మబ్బు, తుంపర, లేదా పొగమంచు. ఇది లేకపోతే పక్షులు పైనుంచే తప్పు దిద్దుకుని పోతాయి. నీలాకాశం, ఆగ్నేయ గాలి, ఖాళీ పొలాలు: కొత్తవాళ్ళకు అర్థంకాని రోజు ఇదే.

ఫోన్ యాప్ ఫెయిర్ ఐల్ గాలి ఒక్కటే చూపిస్తుంది. అది చూసి తేల్చడం సర్వసాధారణమైన తప్పు. మీకు కావాల్సింది నిన్న రాత్రి 10 గంటలకు డెన్మార్క్‌లో ఏముంది, అర్ధరాత్రి నడి సముద్రంలో ఏముంది, తెల్లవారుజామున ఇక్కడ ఏముంది అన్న మూడూ.

4. సామాను

8x42 బైనాక్యులర్లు. 10x వద్దు, గాలికి చెయ్యి ఊగే చోట ఎక్కువ మాగ్నిఫికేషన్ అంటే ఎక్కువ వణుకు. సముద్రం చూడ్డానికి టెలిస్కోప్ పనికొస్తుంది కానీ పొలాల నడకలో భారం. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు తప్పనిసరి, ఎందుకంటే మంచి పక్షులన్నీ కాలవల్లోనే ఉంటాయి. మే నెలలో పగలు 10 డిగ్రీలు దాటితే మంచి రోజు కింద లెక్క. గాలి దాన్ని ఇంకా కిందికి లాగుతుంది. ఒక లావు స్వెటర్ కంటే మూడు పల్చటి పొరలు, పైన గాలీ వానా చొరని జాకెట్. లెన్స్ తుడవడానికి పొడిబట్టలు నాలుగు, ఒక్కోటి విడిగా ప్లాస్టిక్ సంచిలో. పెన్ను కాదు, పెన్సిల్. తడి కాగితం మీద పెన్సిలే రాస్తుంది.

5. ఉదయపు నడక

మే మధ్యలో ఇక్కడ సూర్యోదయం సుమారు నాలుగున్నరకు, అస్తమయం రాత్రి తొమ్మిదిన్నరకు. నాలుగున్నరకే లేవాలని నియమమేమీ లేదు. రాత్రి గాలి కలిసొస్తే లేవండి. లేకపోతే నిద్రపోండి, ఆ ఓపిక సాయంత్రానికి పనికొస్తుంది. ఉత్తర సముద్రం మీద కొట్టుకొచ్చిన పక్షులు తెల్లవారగానే చేరాలని లేదు. తుంపర మధ్యాహ్నం మొదలైతే మధ్యాహ్నమే దిగుతాయి. ఉదయం ఖాళీగా చూసిన కాలవను సాయంత్రం మళ్ళీ చూడని వాళ్ళు సగం పక్షుల్ని వదులుకుంటారు.

దీవి రెండు ముక్కలు. ఉత్తరాన వార్డ్ హిల్ (217 మీటర్లు) చుట్టూ బీడు కొండ నేల. దక్షిణాన క్రాఫ్ట్‌లు, అంటే రాతిగోడల మధ్య చిన్న కమతాలు, ఇళ్ళు. రెండింటినీ ఒక పొడవాటి గోడ విడదీస్తుంది. చిన్న పిట్టలు ఎక్కువగా దక్షిణంలోనే ఉంటాయి; మీ సమయంలో ముప్పాతిక భాగం అక్కడే పెట్టండి.

చెట్లు దాదాపు లేవు కాబట్టి దాక్కోవడానికి వాటికి ఉన్నవి: రాతిగోడలు, పొలాల నీళ్ళు పోయే కాలవలు, ఐరిస్ ఆకుల గుబుర్లు, ఓట్స్ ధాన్యం, టర్నిప్ వేసిన చిన్న మడులు, ఇళ్ళ పెరడులు, తీరాన కుళ్ళే సముద్రపు నాచు. వీటన్నిటికీ ఒకటే సూత్రం: గాలి తగలని వైపు చూడు. ఆగ్నేయ గాలి ఉంటే గోడకు వాయవ్య పక్క. అదే గోడ రేపు గాలి మారితే అటువైపు.

మొదటి రోజు మొత్తం తిరిగి, మీకంటూ ఒక మూడు, నాలుగు కిలోమీటర్ల చుట్టు ఖాయం చేసుకోండి. ఉదాహరణకు ఊరి రోడ్డు వెంట దక్షిణానికి, సౌత్ హార్బర్ తీరం చూసి, దీపస్తంభం దాకా పోయి, పడమటి పక్క మాల్కమ్స్ హెడ్ వైపు నుంచి వెనక్కి. రోజూ అదే చుట్టు, అదే దిశ. నిన్న ఏ గోడ మీద ఏముందో తెలిస్తేనే ఈరోజు కొత్తగా వచ్చిందేమిటో తెలుస్తుంది. వేగం గంటకు కిలోమీటరు. అంతకంటే తొందరగా నడిస్తే అది వ్యాయామం.

కాలవ చూసే తీరు ఇది. ఒడ్డుకు రెండు మూడు మీటర్ల ఎడంగా, గాలి మొహానికి తగిలేలా నడవండి. ఇరవై అడుగులు, ఒక నిమిషం ఆగడం. పక్షులు మనిషి నడిచినప్పుడు కాదు, ఆగినప్పుడు కంగారుపడి కదులుతాయి. ఏదైనా లేచి ముందుకు వాలితే వెంటపడొద్దు. అది వాలిన చోటును ఒక రాయితోనో కంచె కర్రతోనో గుర్తుపెట్టుకుని, పక్కకు చుట్టి వెళ్ళి, ఎదురుగా కూర్చోండి. పది నిమిషాల్లో అదే బయటికొస్తుంది. వెంటబడి మూడుసార్లు లేపితే, రాత్రంతా ఎగిరి బరువు కరిగిపోయిన పిట్ట మేత మానేస్తుంది. మీకూ తోక తప్ప ఇంకేమీ కనిపించదు.

ఐరిస్ గుబురులో బ్లూత్రోట్ ఎలా కనిపిస్తుందో చెప్పుకుందాం, ఎందుకంటే చాలామంది నీలి గొంతు కోసం వెతికి పక్షిని పోగొట్టుకుంటారు. మొదట కంటపడేది ఎలుక లాంటి పరుగు. ఆకుల మొదళ్ళ మధ్య గోధుమరంగు ఏదో నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగుతుంది. నిటారుగా నిలబడి తోక ఎత్తుతుంది. కంటిపైన వెన్నరంగు గీత తెల్లగా మెరుస్తుంది. మళ్ళీ పరుగు. కదిలిస్తే నేలకు జానెడు ఎత్తున ఎగిరి, తోక మొదట్లో రెండు పక్కలా ఇటుకరంగు పలకలు ఒక్క క్షణం చూపించి, అదే కాలవలో ఇరవై మీటర్ల అవతల పడిపోతుంది. ఆ ఇటుకరంగు చూశారంటే చాలు. ఇక గొంతు కనిపించేదాకా కూర్చోవడమే మీ పని. మే నెలలో మగపక్షి గొంతు నీలం, మధ్యలో ఎర్రటి చుక్క, కింద నలుపు, ఇటుకరంగు పట్టీలు. ఆడది గొంతు వెన్నరంగు, చుట్టూ నల్ల చుక్కల హారం.

పొలాల మర్యాద కూడా పద్ధతిలో భాగమే. స్కాట్లాండ్‌లో 2003 భూసంస్కరణ చట్టం ప్రకారం బాధ్యతగా మెలిగితే ఎక్కడైనా నడవచ్చు, కానీ పైరు వేసిన మడి, ఇంటి పెరడు ఆ హక్కులోకి రావు. పెరట్లో పక్షి ఉంటే తలుపు తట్టి అడగండి, సాధారణంగా కాదనరు. రాతిగోడలు సిమెంటు లేకుండా పేర్చినవి. ఎక్కితే రాళ్ళు జారతాయి, కట్టినవాళ్ళకు ఒక రోజు పని పెరుగుతుంది. గేటు ఉంటే గేటు, మెట్లుంటే మెట్లు. గేటు ఎలా ఉందో అలాగే వదలండి. ఏప్రిల్ చివర, మే అంతా గొర్రెలు ఈనే కాలం; తల్లీపిల్లల మధ్యగా నడవకండి. పాటల రికార్డింగు పెట్టి పక్షిని బయటికి రప్పించడం మానుకోండి. ఇక్కడ అది తప్పుగా చూస్తారు, ఆ కోపం న్యాయమైనదే.

దారిలో గరాటులా వైరు వల కట్టిన పొడవాటి నిర్మాణాలు కనిపిస్తాయి. ఇవి హెలిగోలాండ్ ట్రాప్‌లు; జర్మనీ దీవి హెలిగోలాండ్‌లో మొదట వాడినందుకు ఆ పేరు. లోపల నాటిన పొదలే ఈ దీవిలో దొరికే కొద్దిపాటి చెట్టుచేమ. వార్డెన్లు రోజూ వీటి వెంట నడిచి, పట్టిన పక్షుల కాలికి గుర్తు ఉంగరం వేసి, కొలిచి వదులుతారు. సందర్శకులు వాళ్ళతో నడవచ్చా అని అడగండి. ఒక్కరే వెళ్ళి లోపల తిరగకండి.

6. గియోలు

తీరం పొడవునా సముద్రం లోపలికి కోసుకొచ్చిన ఇరుకు లోయలను ఇక్కడ ‘గియో’ అంటారు. గాలి చొరని గోడలు, ఈగలు, నాచు. అలసిన పక్షికి ఇంతకంటే మంచి చోటు లేదు. మనిషికి ఇంతకంటే ప్రమాదమైన చోటూ లేదు.

అంచు నుంచి వంగి చూడకండి. గియో తల దగ్గరికి, అంటే లోపలి కొసకు వెళ్ళి, పక్కనుంచి ఎదుటి గోడను చూడాలి. మరీ దగ్గరికి వెళ్ళాల్సి వస్తే సంచి దించి, బోర్లా పడుకుని, తల మాత్రమే ముందుకు. తడి గడ్డి మీద రబ్బరు బూటు సబ్బులా జారుతుంది. గాలి వీపు మీద కొడుతుంటే ఆ గియోను వదిలేయండి.

ఫుల్మార్లు అనే సముద్రపు పక్షులు గూడు కట్టిన అంచుల దగ్గర ఇంకో ఆపద. దగ్గరికొస్తే అవి కడుపులోని నూనెను రెండు మీటర్ల దాకా ఉమ్ముతాయి. ఆ వాసన జాకెట్‌ను వదలదు. తోటివాళ్ళు మిమ్మల్ని వదులుతారు. కొండ నేల మీద బాంక్సీలు (గ్రేట్ స్కువాలు అనే పెద్ద సముద్రపు పక్షులు) తలమీదికి దూకుతాయి. కర్రో ట్రైపాడో తలకంటే ఎత్తుగా పట్టుకుంటే దానికే గురిపెడతాయి. అవి దూకాయంటే గూటి దగ్గరున్నారని అర్థం, వెనక్కి మళ్ళండి. 2022 బర్డ్ ఫ్లూలో షెట్లాండ్ బాంక్సీలు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. చనిపోయిన పక్షి ఏదైనా సరే ముట్టుకోకండి.

7. గుర్తుపట్టడంలో పొరపాట్లు

రోజ్‌ఫించ్ అంటే గులాబీరంగు అనుకుని వెళ్తారు. వసంతంలో ఇక్కడ దిగేవాటిలో ఎక్కువ భాగం గోధుమరంగు పక్షులే: ఆడవి, ఏడాది నిండిన మగవి. పిచ్చుకల గుంపులో చూడండి. మొహం మీద ఏ గీతా లేదు, అందులో నల్లపూస లాంటి కన్ను; ముక్కు గుండ్రంగా లావు; రెక్క మీద రెండు సన్నటి తెల్లటి గీతలు. ‘ఏదో పిచ్చుక’ అని దాటిపోయే పక్షి ఇదే.

చిఫ్‌చాఫ్, విల్లో వార్బ్లర్ రోజూ ఎదురయ్యే జంట. కాళ్ళ రంగు ఒక్కటే నమ్మొద్దు. చిఫ్‌చాఫ్ మేస్తూ తోకను కిందికి అదేపనిగా దించుతూ ఉంటుంది, రెక్క కొన పొట్టి. విల్లోకు రెక్క కొన పొడుగు, కనుబొమ్మ స్పష్టం, తోక అంతగా ఆడించదు.

అసలు తలనొప్పి రీడ్, మార్ష్, బ్లిత్స్ రీడ్ వార్బ్లర్‌లతో. మూడూ మట్టిరంగే. వరుసగా ఇవి చూడండి. ఒకటి, మడిచిన రెక్కలో కొన ఈకలు లోపలి ఈకల కంటే ఎంత ముందుకు పొడుచుకొచ్చాయి: బ్లిత్స్‌కు పొట్టి, మార్ష్‌కు పొడుగు. రెండు, లోపలి ఈకల అంచులు: మార్ష్‌కు లేత అంచులు తేటగా కనిపిస్తాయి, బ్లిత్స్ రెక్క మొత్తం ఒకే రంగు. మూడు, నడుము: రీడ్‌కు వెచ్చటి ఎర్రమట్టి ఛాయ, మార్ష్‌కు పసరు కలిసిన ఛాయ, బ్లిత్స్‌కు చల్లటి బూడిదమట్టి. నాలుగు, కాళ్ళు: మార్ష్‌వి లేత రంగు, బ్లిత్స్‌వి ముదురు. ఐదు, నిలబడే తీరు: బ్లిత్స్ తలా తోకా రెండూ పైకెత్తి అరటిపండులా వంగుతుంది. చలికాలంలో మన ఊళ్ళో ఆ ‘చెక్’ పిలుపు వందసార్లు విన్నవాళ్ళకు చెవే ముందు చెబుతుంది. కానీ పిలుపు ఒక్కదాని మీదే రిపోర్టు రాయకండి, ఫొటో కావాలి. పక్కనుంచి, రెక్క మడిచి ఉన్నప్పుడు, షట్టర్ వేగం 1/1000 సెకను దగ్గర, ఇరవై తీస్తే రెండు పనికొస్తాయి. మబ్బు రోజున కెమెరా తెర మీద కనిపించే రంగును నమ్మొద్దు. కంటితో చూసిన ఛాయను వెంటనే నోట్సులో రాసుకోండి.

ఫెయిర్ ఐల్ రెన్ గురించి కూడా ఒక మాట. రాతి సందుల్లోంచి గట్టిగా పాడే ఈ బుల్లి పిట్ట ఈ దీవికే పరిమితమైన ఉపజాతి. వలస పక్షి కాదు, మొత్తం జనాభా కొద్ది పదుల్లోనే ఉంటుంది. గియోలో ముదురు రంగు పిట్ట సర్రున రాయి కిందికి దూరితే ముందు దీన్నే అనుమానించండి.

8. పడమటి గాలి రోజులు

వస్తాయి, తప్పదు. పొలాలు వదిలి తీరానికి పోండి. ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ వైపు వెళ్ళే పక్షులకు ఈ గాలి ఎదురుగాలి. టర్న్‌స్టోన్, శాండర్లింగ్ లాంటివి సౌత్ హార్బర్ నాచు మీద ఆగుతాయి. గ్రీన్‌లాండ్ వీటియర్‌లు కూడా మే నెలలోనే దాటుతాయి: మామూలు వీటియర్ కంటే పెద్దవి, నిలువెత్తున నిలబడతాయి, రొమ్ము ముదురు ఆరెంజ్. పఫిన్‌లను ఇక్కడివాళ్ళు ‘టామీ నోరీ’ అంటారు. సాయంత్రాలు నార్త్ హేవెన్ చుట్టుపక్కల గట్ల మీద చేరతాయి. కదలకుండా కూర్చుంటే పది అడుగుల దూరం దాకా వస్తాయి. వాటి బొరియల మీద నడిస్తే కప్పు కూలుతుంది, కాబట్టి దారి దిగొద్దు.

9. లెక్క, లాగ్, రిపోర్టు

చుట్టును ఐదారు ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు నోట్సులో ఒక పేజీ పెట్టండి. జాతి, సంఖ్య, సమయం, గాలి. వీటియర్‌ల లాంటివి మీ ముందు ముందుకే ఎగురుతూ పోతుంటే వెనక్కి పోయినవాటినే లెక్కపెట్టండి. లేకపోతే పది పక్షులు నలభై అవుతాయి. మామూలు పక్షుల లెక్క వదిలేసి అరుదైనవే రాయడం పెద్ద లోపం. ఈరోజు విల్లో వార్బ్లర్‌లు నిన్నటికి అయిదు రెట్లున్నాయంటే వాటి మధ్య ఇంకేదో ఉందని అర్థం. ఆ సంకేతం అంకెల్లోనే దొరుకుతుంది.

రాత్రి అబ్జర్వేటరీలో ‘లాగ్’ ఉంటుంది. వార్డెన్ జాతుల పేర్లు వరసగా చదువుతుంటే ఎవరి సంఖ్య వాళ్ళు చెబుతారు. మీరు బయట బస చేసినా మీ లెక్క అందజేయండి, ఎక్కడ చూశారో చెప్పండి. ఒకే పక్షి రెండుసార్లు లెక్కలోకి రాకుండా వాళ్ళు సర్దుకుంటారు. పక్షుల లెక్కలు నమోదు చేసే బర్డ్‌ట్రాక్ వెబ్‌సైట్‌లోనో ఈబర్డ్‌లోనో మీరు విడిగా ఎక్కించుకోవచ్చు.

అరుదైన పక్షి దొరికితే వరస ఇది: ముందు ఫొటో, తర్వాత వెంటనే వార్డెన్‌కు కబురు, తర్వాతే పుస్తకం తెరవడం. పుస్తకం ముందు తెరిస్తే, చూసినదానికి బదులు చదివినదే నోట్సులోకి వచ్చేస్తుంది. జాతీయ స్థాయి అరుదైనవాటిని బ్రిటిష్ బర్డ్స్ రేరిటీస్ కమిటీ పరిశీలిస్తుంది. అదేరోజు రాత్రి వివరణ రాయండి: ఎంత దూరం, ఎంతసేపు, వెలుతురు ఎటు, తల నుంచి తోక దాకా ఒక్కో భాగం, కనపడని భాగం ఉంటే ‘చూడలేదు’ అని. ఫొటోల అసలు ఫైళ్ళు అలాగే ఉంచండి. క్రాప్ చేసి, రంగు పెంచినవాటితోపాటు అవీ పంపాలి.

పక్షి మర్నాడూ ఉంటుందా అని అందరూ అడుగుతారు. రాత్రి పది గంటలకు ఆకాశం చూడండి. మబ్బు అలాగే కమ్ముకుని ఉంటే ఉండొచ్చు. నక్షత్రాలు పొడుస్తూ గాలి పడిపోతే, గోడల పైకెక్కి ఇటూ అటూ ఎగురుతున్న వార్బ్లర్‌లను ఇంకో అరగంట చూడండి. తెల్లారేసరికి ఆ కాలవలో అవి ఉండవు.